ఫ్రిహిలియానాలో నాలుగు గంటలు

స్పెయిను అనగానే మనవాళ్ళకు ఎద్దులతో పోట్లాట జ్ఞాపకం వస్తుంది. మేమిద్దరమూ ఆ దేశంలో మూడు వారాలు ఉండి వచ్చాము గాని ఎద్దును ఒక్కదానినైనా చూడలేదు. గ్రెనడాలోని అల్హంబ్రా కోటనూ, కార్డోవాలోని పెద్ద మసీదునూ అందరిలాగే చూశాము. వాటిని గురించి పుస్తకాలు చాలా ఉన్నవి. మా వర్ణన లేకపోయినా వాటికి లోటు లేదు. మేము చెప్పదలచినది ఒక చిన్న ఊరి సంగతి. ఆ ఊరి జనాభా మూడు వేలు. పేరు ఫ్రిహిలియానా. వాళ్ళు వ్రాసేటప్పుడు మధ్యలో 'గ' వ్రాసి, పలికేటప్పుడు 'హ' అంటారు. ఎందుకట్లా అని అడిగితే మా మనుమరాలు, "అంతే తాతయ్యా, అట్లాగే అంటారు" అన్నది. వ్యాకరణానికి ఇంతకంటే మంచి జవాబు మేము ఎక్కడా వినలేదు.

మా అమ్మాయీ అల్లుడూ మాలగా పట్టణంలో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్టోబరు నెలలో ఒక శనివారం నాడు, అల్లుడికి పని ఉండి రాలేకపోగా, మేమిద్దరమూ అమ్మాయీ తొమ్మిదేళ్ళ మనుమరాలూ కలిసి బయలుదేరాము. సముద్రం వెంబడి తూర్పుగా యాభై కిలోమీటర్లకు పైగా పోతే నెర్హా అనే పట్నం. అక్కడ దిగి మరొక చిన్న బస్సు ఎక్కితే, అది కొండల్లోకి ఆరు కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోయి ఫ్రిహిలియానాలో దింపుతుంది. దారి పొడుగునా కొండవాలుల మీద మామిడితోటలు! మొదట మా కళ్ళను మేమే నమ్మలేదు. చెట్లు పొట్టిగా, కొమ్మలు కత్తిరించి, క్రమశిక్షణలో పెట్టినట్లున్నవి. మన ఇళ్ళలో ఆవకాయ జాడీ సగమైపోయే ఆ రోజులలో అక్కడ మామిడిపండు కాలం.

తోటలను చూసిన సంతోషంలో మేము కొంచెం గట్టిగా మాట్లాడుకొన్నాము కాబోలు. మనుమరాలు మా చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మమ్మా, తాతయ్యా, మెల్లిగా మాట్లాడండి. అందరూ చూస్తున్నారు" అన్నది. చూస్తే మాత్రం వాళ్ళకేమి అర్థమవుతుంది అన్నాము. "అర్థం కాదు. అందుకే చూస్తారు" అన్నది. ఆ పిల్ల బడిలో మాట్లాడేది స్పానిషు, తండ్రితో ఇంగ్లీషు, తల్లితో రెండూ కలిపి. మేము వెళ్ళిన తరువాతనే దాని నోట తెలుగు నాలుగు వాక్యాలు వరసగా రావడం మొదలుపెట్టింది. మేము మారు మాట్లాడక కిటికీలోంచి చూస్తూ కూర్చొన్నాము.

ఊరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున కొండ ఒడిలో ఉన్నది. బస్సు ఆగేచోట దుకాణాలూ కొత్త ఇళ్ళూ ఉన్నవి. అసలు ఊరు ఆ పైన. అక్కడికి మోటార్లు పోవు. వీధి అంటే మెట్లే. మా ఇద్దరిలో ఒకరికి మోకాళ్ళు బాగుండవు, ఒకరికి ఊపిరి చాలదు. అందుచేత ఒకరు ఆగినప్పుడల్లా రెండవవారు గోడలను మెచ్చుకొనేవారు. ఆ గోడలు మెచ్చుకోదగినవే. ఊరంతా వెల్ల. ఏటేటా పూత మీద పూత పడి మూలలు మొద్దుబారి, గుండ్రమై, బియ్యపుపిండి తడిపి చేసినట్లున్నవి. తలుపులకూ కిటికీలకూ నీలిరంగు. గుమ్మం ముందూ గోడ మీదా పూలకుండీలు. ఒక ఇంటి డాబా పైయింటి గడపకు తగులుతుంది. ఇసుక మోసే పనికి ఇప్పటికీ కంచరగాడిదే గతి. ఒకటి మమ్మల్ని గోడకు ఒత్తి దాటుకొనిపోయింది. సందులు అంత ఇరుకుగా కట్టుకొన్నది ఎండ నేలను తాకకుండా ఉండటానికే గాని స్థలం లేక కాదట. కొన్ని సందులు పోయిపోయి ఒక తలుపు దగ్గర ఆగిపోతవి.

మేము ఎక్కువసేపు చూసింది నేలను. తెల్ల గులకరాళ్ళూ నల్ల గులకరాళ్ళూ పేర్చి వీధి పొడుగునా పువ్వులూ గళ్ళూ తీగెలూ తీర్చారు. ముమ్మూర్తులా ముగ్గులే. చెప్పులు విడిచి నడవాలనిపించింది. మాలో ముగ్గు వేసేవారు ఒక గుమ్మం ముందు నిలబడి చుక్కలు లెక్కపెట్టి, "ఇది మనది కాదు, చుక్కలు సరిపోలేదు" అని తేల్చారు.

ఒక సందు పేరు సకతీన్. పాతబట్టలు అమ్మేవాళ్ళు అని దాని అర్థం. అది అరబ్బీ మాట. ఇప్పుడు ఆ సందులో పాతబట్టలూ లేవు, అరబ్బీ వచ్చినవాళ్ళూ లేరు. ఎందుకు లేరో ఆ ఊరి గోడలే చెబుతవి. పాత పేటలో అక్కడక్కడ గోడలలో రంగుల పింగాణి పలకలు అమర్చారు, మొత్తం పన్నెండు. ఒక్కొక్కటీ చదువుకొంటూ పైకి పోతే ఊరి కథ తెలుస్తుంది. చదివి తెలుగులో చెప్పే పని మనుమరాలికి అప్పగించాము. స్పానిషులో గబగబా చదివేసి, తెలుగు మాట దొరకక కళ్ళు మూసుకొని వెతుక్కొనేది. దొరకనిచోట తల్లి అందించేది. పలకలలో లేని సంగతులు కూడా అమ్మాయే చెప్పింది.

కథ ఇది. ఎనిమిదో శతాబ్దం నుంచి ఆ ప్రాంతం ముస్లిముల ఏలుబడిలో ఉండేది. 1487లో ఫ్రిహిలియానా, 1492లో గ్రెనడా క్రైస్తవ రాజులకు లోబడినవి. రాజు మారాడు గాని జనం ఉన్నచోటనే ఉన్నారు. కొద్ది ఏండ్లకే వాళ్ళను బలవంతంగా క్రైస్తవంలో కలిపారు. ఆ కలిసినవాళ్ళ పేరు మొరిస్కోలు. గుడికి పోయేవారు, ఇంటికి వచ్చి అరబ్బీ మాట్లాడుకొనేవారు. 1567 జనవరిలో రెండవ ఫిలిప్పు రాజు ప్రభుత్వం ఒక శాసనం ప్రకటించింది. మూడేళ్ళలో అందరూ కాస్తిలు భాష, అంటే ఇప్పటి స్పానిషు, నేర్చుకోవాలి. అటు తరువాత అరబ్బీ మాట్లాడరాదు, చదవరాదు, వ్రాయరాదు. వీధిలోనే కాదు, ఇంట్లో కూడా. వాళ్ళ దుస్తులు కట్టరాదు. స్నానశాలలు ఉండరాదు. పెళ్ళిళ్ళనాడు వీధితలుపులు తెరిచే ఉంచాలి.

"ఇంట్లో కూడానా?" అన్నది మనుమరాలు. "ఇంట్లో మాట్లాడితే ఎవరికి తెలుస్తుంది?"

"తలుపులు తీసి ఉంచమన్నది అందుకేనేమో" అన్నది అమ్మాయి.

గ్రెనడాలో ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయనా మొరిస్కోయే, అప్పటికి ముసలివాడు. శాసనం చూసి ఊరుకోలేక అధికారులకు పెద్ద విన్నపం వ్రాసుకొన్నాడు. దుస్తులు దేశాచారం గాని మతం కాదన్నాడు. భాషకు మతంతో పని లేదన్నాడు. మాల్టా ద్వీపంలో క్రైస్తవులు మాట్లాడేది అరబ్బీయే గదా అని చూపించాడు. పల్లెటూళ్ళలో పుట్టి పెరిగిన ముసలివాళ్ళు ఈ వయసులో మరొక భాష ఎట్లా నేరుస్తారని అడిగాడు. ఇంత మర్యాదగా, ఇంత న్యాయంగా అడిగినా వినలేదు. 1568 డిసెంబరులో గ్రెనడా కొండల్లో తిరుగుబాటు లేచింది. మరుసటి ఏడు ఈ చుట్టుపట్ల ఊళ్ళ జనం పిల్లాపాపలతో ఫ్రిహిలియానా పైనున్న పెద్ద కొండ మీదికి చేరారు. 1569 జూనులో లూయీస్ దె రెకెసేన్స్ అనే సేనాని, ఇటలీ నుంచి ఓడల మీద దిగిన సైన్యంతో వచ్చి ఆ కొండను పట్టుకొన్నాడు. ఆడవాళ్ళు సైతం పోరాడారు. ఇక లాభం లేదనుకొన్నాక కొందరు చేజిక్కడం ఇష్టం లేక కొండ అంచు నుంచి దూకారు. చిక్కినవాళ్ళను బానిసలుగా అమ్మారు. 1570 చివర గ్రెనడా ప్రాంతపు మొరిస్కోలను ఊళ్ళకు ఊళ్ళు లేవదీసి ఉత్తరాదికి నడిపించారు. 1609 నుంచి 1614 లోపల దేశం మొత్తం మీద సుమారు మూడు లక్షల మందిని వెళ్ళగొట్టారు. ఖాళీ ఇళ్ళలో ఇతర ప్రాంతాల నుంచి క్రైస్తవ కుటుంబాలను తెచ్చి పెట్టారు.

కొండ అక్కడే ఉన్నది. పలక దగ్గర నిలబడి తల ఎత్తితే కనబడుతుంది. మనుమరాలు కొండనూ పలకనూ మార్చిమార్చి చూసింది.

ఓడినవాళ్ళ కథను, వాళ్ళ ఇళ్ళలో ఉంటున్నవాళ్ళు తమ గోడలకే అమర్చుకోవడం మాకు గొప్పగా తోచింది. ఏటా ఆగస్టు చివర మూడు సంస్కృతుల పేరిట, అంటే క్రైస్తవ, ముస్లిము, యూదు సంస్కృతుల పేరిట, అక్కడ ఉత్సవం కూడా చేస్తారట. యాత్రికుల సొమ్ము కోసం చేస్తే మాత్రమేమి? గోడ మీద పేరైనా మిగిలింది.

మేము అక్కడి మెట్ల మీద చాలాసేపు కూర్చొన్నాము. మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా మా ఊరు మద్రాసు రాజధానిలోనిది. మా తాతగారు మద్రాసు రాజధానిలో పడుకొని ఒరిస్సాలో నిద్ర లేచారని మా ఇంట్లో ఒక హాస్యం ఉన్నది. ఇల్లు అదే, వీధి అదే, పాలుపోసే మనిషీ అదే. మమ్మల్ని ఎవరూ కదపలేదు. ఎవరూ దేనినీ నిషేధించలేదు. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, రెండూ మాకు కుడిచేయి ఎడమచేయిలాగా పెరిగినవి. మా వీధితలుపులు తెరిచి ఉంచమని ఏ రాజూ అనలేదు. అయినా మా వీధి తెలుగు ఇళ్ళలో తెలుగు చదవగలిగిన పిల్లలు ఎందరా అని ఆ మెట్ల మీద కూర్చొని లెక్క వేసుకొన్నాము. ఒక చేతి వేళ్ళు సరిపోయినవి. చిటికెన వ్రేలి దగ్గర మేమిద్దరం కొంచెం వాదులాడుకొన్నాము కూడా, ఆ పిల్లవాడు చదువుతాడా, చూచి గుర్తుపడతాడా అని.

ఒంటిగంటయింది. ఆ దేశంలో ఒంటిగంటకు ఎవరూ భోజనం చేయరు. హోటలులో కూర్చొన్నవాళ్ళం మేమే. శాకాహారులమని చెప్పగానే హోటలు అతను ఆలోచించకుండా తెచ్చిపెట్టినది వంకాయ. చక్రాలుగా పలుచగా తరిగి, పిండిలో పొర్లించి నూనెలో కరకరలాడేటట్లు వేయించి, మీద నల్లటి పాకం ధారగా పోశాడు. బజ్జీ మీద బెల్లప్పాకం! మేము ఒకరి మొగం ఒకరం చూసుకొన్నాము. వంకాయ పులుసుపచ్చడిలో చిన్న బెల్లపుముక్క వేయడం ఎరుగుదుము గాని ఇంత బాహాటంగా ఎరుగము. తీరా నోట పెట్టుకొంటే దివ్యంగా ఉన్నది. మాలో వంట ఎరిగినవారు రెండవ పళ్ళెం తెప్పించి, కొంచెం కారం చల్లితే ఇంకా బాగుండునని అభిప్రాయపడ్డారు.

ఆ వంటకం పేరేమని అడిగితే మనుమరాలు చెప్పింది: వంకాయ బెరెన్‌హేన, పైనున్నది చెరకు తేనె. బెరెన్‌హేన అనే మాట అరబ్బీ నుంచి వచ్చిందనీ, అరబ్బీకి పారశీకం నుంచి, పారశీకానికి మన దేశం నుంచి వచ్చిందంటారనీ అమ్మాయి అన్నది. ఇక అక్కడి నుంచి మాకు ఆట దొరికింది. హోటలు ముంగిట నారింజచెట్టు ఉన్నది. అదేమిటే అని అడిగాము. "నరాన్హ." మేము నారింజ అన్నాము. అది ఉలిక్కిపడి, "మళ్ళీ చెప్పండి" అన్నది. మళ్ళీ చెప్పాము. సంస్కృతంలో నారంగం, పడమటికి పోయి నరాన్హ అయింది. నిమ్మకాయ లిమోన్. చక్కెర అసూకర్, శర్కర అనే మాటే పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి అక్కడ తేలింది. కాగితపు రుమాలు మీద మేము తెలుగులో వ్రాస్తే అది పక్కన స్పానిషులో వ్రాసింది. మామిడిని మాంగొ అంటారు. అది అరవ, మలయాళ దేశాల నుంచి పోర్చుగీసు ఓడ ఎక్కి పోయిన మాట. మన మామిడి ఓడ ఎక్కలేదు.

అరబ్బీ మాట్లాడరాదన్న ఆ దేశపు భాషలో ఈనాటికీ వేలకొద్దీ అరబ్బీ మాటలున్నవి. ఆ ఊరి పైన కొండ వెంబడి పారే నీటికాలువను అసేకియా అంటారు. కాలువతోపాటు పేరూ అరబ్బులదే. ఏదైనా మంచి జరగాలని కోరుకొనేటప్పుడు స్పెయినువాళ్ళు "ఓహలా" అంటారు. అది దైవం తలిస్తే అనే అరబ్బీ వాక్యం అరిగిపోయి మిగిలిన ముక్క. బడిలో రోజూ అంటామని మనుమరాలు చెప్పింది. పరీక్షల ముందు మరీ ఎక్కువట.

ఆ పాకం తయారయ్యే ఫాక్టరీ ఊరి మొదట్లోనే ఉన్నది. పదహారో శతాబ్దం చివర ఆ ఊరి ప్రభువులు కట్టుకొన్న పెద్ద మేడ అది. ఇప్పుడు దాని పేరు ఇంహేనియో, అంటే మిల్లు. చెరకు ఆడే కాలం వసంతం కనుక మేము పోయినప్పుడు లోపల చప్పుడు లేదు. గోడనూ కిటికీలనూ చూసి తృప్తిపడ్డాము. చెరకు తూర్పుదేశాల పంట. దాని రసాన్ని కాచి గట్టి బెల్లం, చక్కెర చేసే విద్య మన దేశంలో పెరిగింది. అరబ్బులు దానిని తీసుకొనిపోయి పదో శతాబ్దం నాటికే ఈ తీరంలో సాగు చేశారు. ఇక్కడి నుంచి అది అట్లాంటికు దీవులకు పోయి, అక్కడి నుంచి 1493లో కొలంబసు రెండవ ప్రయాణంలో అమెరికా దీవులకు చేరింది. పంతొమ్మిదో శతాబ్దంలో మన గంజాం, విశాఖ జిల్లాలవాళ్ళు మారిషసుకూ నేటాలుకూ పోయి కూలి చేసింది కూడా ఆ గడల మధ్యనే. మా వంశంలోనూ అట్లా పోయి ఉత్తరం వ్రాయనివాడు ఒకడున్నాడని మా నాయనమ్మ చెప్పేది.

ఫ్రిహిలియానా చుట్టుపట్ల చెరకు తగ్గిపోయింది. ఆ తీరంలో చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది. చెరకు ఉన్నచోట మామిడీ అవకాడో వచ్చినవి. ఈ మిల్లు మాత్రం పాకం తీస్తూనే ఉన్నది. ఐరోపాలో ఇటువంటిది ఇదొక్కటే మిగిలిందని వాళ్ళు గర్వంగా చెప్పుకొంటారు.

రెండు గంటలకు అక్కడ దుకాణాలు మూసి అందరూ ఇళ్ళకు పోతారు. మేము పరుగుపరుగున ఒక దుకాణంలో దూరి పాకం సీసా ఒకటి అడిగాము. అమ్మే ఆవిడ సీసా చుట్టూ కాగితం చుడుతూ, మేము ధర గురించి మాట్లాడుకోవడం విని, మనుమరాలిని ఏమో అడిగింది. ఇది ఏ భాష అని అడుగుతోందన్నది అమ్మాయి. మనుమరాలు ఒక క్షణం మా వైపు చూసింది. తరువాత "తెలుగు" అన్నది.

"తెలుగో?" అన్నది ఆవిడ.

"గో కాదు. గు" అన్నది మా పిల్ల. ఆవిడ మూడుసార్లు ప్రయత్నించి మూడవసారి సరిగా పలికింది. మీ భాషలో దీన్నేమంటారని సీసా ఎత్తి చూపింది. మేము చెరకుపాకం అని అందించేలోపలే మనుమరాలు "చెరకు తేనె" అని గట్టిగా చెప్పింది. వాళ్ళ మాటకు అది సొంతంగా అల్లిన తెలుగు. మేము దిద్దలేదు.

రెండున్నర బస్సు సరిగ్గా రెండున్నరకే వచ్చింది. దిగుబడిలో మెలికలకు తల తిరిగి మాలో ఒకరు కళ్ళు మూసుకొన్నారు, పిల్ల నిద్రపోయింది. రుమాలు కాగితం దాని పిడికిట్లోనే ఉన్నది. నెర్హాలో దించేటప్పుడు దానిని తీసి భద్రంగా సంచిలో పెట్టాము.

సీసా బరంపురం చేరింది. అట్లలోకి బాగుంటుంది. మొన్న పక్కింటి ఒడియా ఆవిడ వస్తే ఇంత చెంచాలో పోసి ఇచ్చి, స్పెయిను నుంచి తెచ్చామని గొప్పగా చెప్పాము. ఆవిడ నాలుకకు రాసుకొని, కాసేపు ఆలోచించి, "ఇది మా ఆఖుగుడొ కదమ్మా, ఇందుకు అంత దూరం పోవాలా?" అన్నది. ఆ మాట ఆవిడ తెలుగులోనే అన్నది. సీసాలో ఇంకా నాలుగు వేళ్ళ లోతు మిగిలి ఉన్నది.